మా కళ్ళం జట్టు

మొన్న మా ఊరి నుంచి ఎవరో కుర్రాడు ఫోన్ చేశాడు. ఊళ్ళో కబడ్డీ క్లబ్బు పెడుతున్నారట. వెనకటికి మా నాన్న పెట్టిన చెడుగుడు జట్టు పేరే దానికీ పెట్టుకుంటారట. బ్యానరు మీద వేయడానికి పాత చరిత్ర నాలుగు ముక్కలు కావాలట. "అంత బాగా ఆడీవోరు, మరెందుకాపీసినారు మామ్మా?" అని అడిగాడు. అది బ్యానరు మీద పట్టే సంగతి కాదు. రేపు చెబుతాలే నాయనా అని పెట్టేశాను. అప్పట్నుంచీ వంటింట్లో ఏ పని మొదలెట్టినా మధ్యలో ఆగి నిలబడిపోతున్నాను.

మాది పొందూరు దగ్గర పల్లె. అరవైల చివరి సంవత్సరాల మాట ఇది. జట్టుకు మైదానమంటూ లేదు, మా కళ్ళమే మైదానం. నూర్పులయి ధాన్యం గాదెలకెక్కాక కళ్ళం చదును చేసి, పేడతో అలికి, ముగ్గుతో గీతలు గీసేవారు. మళ్ళీ నాగళ్ళు కట్టేదాకా సాయంత్రమైతే ఊరంతా అక్కడే. విజయనగరం వాళ్ళు వెక్కిరింపుగా 'కళ్ళం జట్టు' అంటే, మా నాన్న ఆ వెక్కిరింపునే పేరుగా పెట్టేశాడు. ఆయన ఆడేవాడు కాదు, మోకాలు ఎప్పుడో పోయింది. కానీ గీత బయట ఆయన వేసే గంతులు చూస్తే లోపల ఆడేవాళ్ళే కాస్త నిమ్మళంగా ఉన్నారనిపించేది. ఆటగాళ్ళకు చోడి అంబలి, అదే రాగి అంబలి, కాయడం మా అమ్మ పని. తిట్టుకుంటూనే కాచేది. ఎవడైనా ఒకరోజు తాగకుండా వెళితే మర్నాడు వాడికి వేరే తిట్లుండేవి.

జట్టుకు ప్రాణం మా మావయ్య. అమ్మకు తమ్ముడు, అమ్మమ్మకు ఒక్కగానొక్క కొడుకు. వాళ్ళిల్లు మా పక్కనే. కూతకు వెళ్ళినవాడు ఒక్క ఊపిరి మీద చెడుగుడు పాడుతూ అవతలివాళ్ళను ముట్టుకుని, ఆ ఊపిరి తెగేలోగా గీత దాటి వచ్చెయ్యాలి. మావయ్య కూత ఎంతకీ తెగేది కాదు. ఏటా కళ్ళంలో తొలి కూత ఆయనదే, అది మా జట్టు ఆచారం. అరుగు మీద కూర్చుని వింటున్న అమ్మమ్మ తనకు తెలీకుండానే తనూ ఊపిరి బిగబట్టేది. ఆఖరికి ఉండబట్టలేక "ఇంక వచ్చీరా నాయినా, నువ్వొచ్చీసరికి నానెల్లిపోయీలాగున్నాను!" అని అరిచేది. మేమంతా పడీ పడీ నవ్వేవాళ్ళం. ఇప్పుడు తల్చుకుంటే ఆ నవ్వే నాకు కష్టంగా ఉంటుంది.

విజయనగరం పోటీల్లో మావాళ్ళు ఏటా ఆఖరి ఆటదాకా వెళ్ళి ఓడిపోయి వచ్చేవారు. ఆ ఏడు మళ్ళీ ఆఖరి ఆటకు చేరారు. పొద్దున్నే రైలెక్కి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళిన కాసేపటికి అమ్మమ్మ అంబలి తాగి, గిన్నె పక్కన పెట్టి, గోడకు జారగిలబడింది. అంతే, మరి లేవలేదు. అమ్మ ఏడుస్తూనే మా పాలేరును తర్వాతి రైలుకు విజయనగరం పంపింది. మధ్యాహ్నం బండికి కొడుకు వచ్చేస్తాడు, పొద్దుండగానే అన్నీ అయిపోతాయన్నారు పెద్దలు.

మధ్యాహ్నం బండి వచ్చింది, వెళ్ళింది. వీధి మొదట్లో నిలబడి నేను చూస్తూనే ఉన్నాను. పొద్దు వాలింది. శవాన్ని రాత్రంతా ఉంచితే ఊరికి మంచిది కాదని పెద్దలు అమ్మను ఒప్పించారు. మేం గెడ్డ అనే వాగు ఒడ్డున వరసకు కొడుకయ్యే వాడెవడో తలకొరివి పెట్టాడు.

అక్కడేం జరిగిందో పాలేరు తర్వాత చెప్పాడు. కబురు ముందు నాన్న చెవిన పడింది. చావు కబురు విన్న క్షణం నుంచే మైల. మైలలో ఉన్నవాడు ఎవరినీ ముట్టుకోకూడదు. చెడుగుడులో ముట్టుకోకపోతే ఇంకేముంది? నాన్న పాలేరును చెట్టు చాటుకు తీసుకెళ్ళి, "ఇనీదాకా మైల నేదురా. ఆట అయ్యీదాకా ఆడి కంట పడకు. ఒక్కడే కొడుకు, ఆడొచ్చీదాకా ఎత్తర్లే" అన్నాడట. అది మోసమని నాన్న అనుకోలేదు, నిజంగానే నమ్మాడు. తానైతే విన్నాడు కాబట్టే, ఆ తర్వాత తాను ఎవరినీ ముట్టుకోలేదు. గెలిచాక జట్టంతా మావయ్యను భుజాల మీదికెత్తుకుంటే, నాన్న మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడట. ఎలాగూ ఇంటికే వెళుతున్నాం కదా అని తిరుగు రైల్లోనూ చెప్పలేదట.

దీపాలు పెట్టేవేళ మావయ్య మెడలో దండతో వీధి మొదట్నుంచే "అమ్మా, గెలిసీసినాం!" అని కేకలేస్తూ వచ్చాడు. గడప దాటి, అమ్మమ్మ పడుకునే చోట వెలుగుతున్న దీపం చూశాడు. దండ తీసి చేత్తో పట్టుకుని నాన్న వైపు తిరిగాడు.

"బావా, నీకు తెలుసా?"

"ఇన్నావంటే మైల పట్టీస్తాదని..." అన్నాడు నాన్న.

మావయ్య గొడవ పడలేదు. పడినా బాగుండేది. మర్నాడు అమ్మ అంబలి కుండ తోమి అటక మీద బోర్లించింది. మళ్ళీ నూర్పులయ్యాక నాన్న కళ్ళం అలికించాడు, గీతలు గీయించాడు. కుర్రాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. తొలి కూతకు వెళ్ళాల్సినవాడు పక్క చేలో గట్టు వేసుకుంటూ ఇటు తిరిగి చూడలేదు. ఇంకొకణ్ణి వెళ్ళమనడానికి నాన్నకు మనసు రాలేదు. చీకటి పడేదాకా చూసి అందరూ ఇళ్ళకు పోయారు. జట్టు చరిత్ర అక్కడితో సరి.

మావయ్య ఇంటికి వచ్చేవాడు. మా పెళ్ళిళ్ళకు పందిళ్ళు వేశాడు, పురుళ్ళకు బండి కట్టాడు. నాన్నను మాత్రం 'బావా' అని పిలవలేదు. చెప్పాల్సిందేదో గోడకు చెప్పి వెళ్ళేవాడు. ఆయన వచ్చినప్పుడల్లా నాన్న అరుగు మీదికొచ్చి ఊరికే కూర్చునేవాడు. ఆ ఒక్క పిలుపు కోసమేనని ఇంట్లో అందరికీ తెలుసు.

నాన్న పోయిన రోజు మా తమ్ముడు ఖరగ్‌పూర్‌లో ఉద్యోగంలో ఉన్నాడు. పొద్దు వాలుతోందని పెద్దలు మళ్ళీ అదే మాటెత్తారు. ముసలాడైపోయిన మావయ్య గుమ్మానికి అడ్డంగా కూర్చుని, "మా బావని ఆడి కొడుకు రాకండా ఎవుడు ఎత్తుతాడో సూస్తాను" అన్నాడు. తెల్లవారి తమ్ముడు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

నాన్న దాచిన కబురు మావయ్యకు ఒక్క పూట ఆలస్యంగా చేరింది. మావయ్య దాచిన పిలుపు నాన్నకు ఒక్క పూట ఆలస్యంగా వచ్చింది. ఆ రెండు పూటల మధ్యే మా ఇంట్లో కాలమంతా గడిచిపోయింది.