మిసర్ రాయి, రాజవ్వ పాలు

1945. సిద్దిపేట దవాఖానలో నేను నర్సును. యుద్ధానికి వెళ్లినవాళ్లు సెలవు మీద ఊళ్లకు వచ్చిపోతున్న కాలం. చిన్నకోడూరు నుంచి మల్లవ్వ అనే ముసలామె చంటి మనవణ్ని ఎత్తుకొచ్చింది. పిల్లవాడు కక్కి కక్కి వడిలిపోయాడు. కోడలు రాజవ్వ గుమ్మం బయటే నిలబడిపోయింది. రవిక ముందంతా పాలతో తడిసి ఉంది.

"లోపలికి రా బిడ్డా, పాలియ్యి" అన్నాను.

"వద్దమ్మా!" మల్లవ్వ అడ్డుపడింది. "దాని పాలు మంచియి గావు. గందుకే పోరడు కక్కుతుండు. పాలు బందువెట్టిచ్చిన."

నాకు ఒళ్లు మండింది. బిడ్డకు ఏమైనా సరే, ముందు తల్లి పాల మీద పడతారు! మా పనిలో ఫీడింగ్ హిస్టరీ అని ఒకటుంది. బిడ్డ నోట్లోకి ఏమేం పోయాయో విడివిడిగా అడగడం. అడిగాను. మేకపాలు, వాము నీళ్లు అని చెప్పి, మల్లవ్వ కొంగుముడి విప్పింది.

"గిది గూడ. పొద్దుమాపు సానమీద అరగదీసి నాలుకకు రాస్తున్న."

ఆకుపచ్చ రాయి. పేడపురుగు ఆకారంలో చెక్కారు. నిలువునా దారానికి బెజ్జం, అడుగున పిట్టల్లాంటి బొమ్మలు. వీపు మాత్రం సగం అరిగిపోయింది.

"నా కొడుకు మిసర్‌కెళ్లి తెచ్చిండు. గాడ పాతకాలం గోరీలల్ల దొరికిందట. మెడల కడితేనే రక్ష అన్నరు. కడుపులకు పోతే ఇంకింత మంచిదే గదా!"

మిసర్ అంటే ఈజిప్టు. ఎవరి శవానికో కట్టిన తాయెత్తు వచ్చి వచ్చి ఈ పసిగుడ్డు నాలుక మీద పడింది! డాక్టరుగారు చూసి, ఇందులో రాగి ఉంది, చెంబుకు పట్టే చిలుములాంటిదే, విషం అన్నారు.

"కక్కుడు ఎప్పటిసంది అవ్వా?" అని అడిగాను.

"కొడుకు వచ్చిపోయినకాడికెల్లి."

"మరి ఈ రాయి అరగదీసుడు?"

గుమ్మం బయట నుంచి రాజవ్వ అంది: "గప్పటిసందే అమ్మా. చెప్తే ఎవలు ఇనలే. కక్కినకొద్ది ఇంకింత రాసిన్రు."

"పాలు ఎండిపోలేదా బిడ్డా?"

"ఎండిపోవద్దని దొడ్లెకు పోయి పిండి పారబోస్తున్న."

బిడ్డ ఆకలితో ఏడుస్తుంటే తల్లి పాలు మట్టిపాలు! నేను మల్లవ్వ ఒళ్లోంచి పిల్లవాణ్ని తీసుకుపోయి రాజవ్వకు ఇచ్చాను. మల్లవ్వ ఏదో అనబోయింది. "నోరు మూసుకో అవ్వా" అన్నాను. అంతకుముందు ఏ పెద్దమనిషినీ అలా అనలేదు. ఇప్పటికీ అన్నందుకు బాధ లేదు.

రాయి మాన్పించి, తల్లి పాలు పట్టించాక పిల్లవాడు తేరుకున్నాడు. ఇంటికి వెళ్లే రోజు మల్లవ్వ "మరి దాని పాలల్ల దోషమేం లేదా?" అని నన్నే అడిగింది, కోడలు పక్కనే ఉండగా.

ఆ తర్వాత ఎందరో చంటిపిల్లలు వచ్చారు. నేను మాత్రం గుమ్మం బయట ఎవరిని నిలబెట్టారో చూసి, ముందు ఆమెను లోపలికి పిలిచేదాన్ని.