గడీ బట్టల మిషనుతో బెల్లంపల్లి దాకా

ఈ ప్రయాణం కోపంతో మొదలైంది. మొన్న కరీంనగర్‌లో ఒక సన్మాన సభ జరిగింది. సన్మానం మా ఊరి దొర కొడుక్కి. ఊరు హుస్నాబాద్ పక్కన. పేరెందుకు, అలాంటి ఊళ్లు చాలానే ఉన్నాయి. దొర కోట లాంటి గడీ పోయి సహకార సంఘం వచ్చింది, కుర్చీలో మాత్రం అదే ఇంటి మనిషి కూర్చున్నాడు. సరే, అది ఇంకో వ్యాసం. ఆ రోజు ఆయన మైకు ముందు గొంతు సవరించుకుని, "చాకలివాళ్ల కష్టం చూడలేక మా నాయనగారు ఆ రోజుల్లోనే బొంబాయి నుంచి బట్టలుతికే యంత్రం తెప్పించారు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను లేచి, "హ్యాండిల్ ఎవరు తిప్పారో అది కూడా చెప్పండి!" అని అరిచాను. ఆయన నవ్వి, "మీ దగ్గర ఆధారం ఉంటే తెచ్చి చూపండి" అన్నాడు. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి గ్రంథాలయం హాల్లో చూపిస్తానని అందరి ముందూ మాటిచ్చాను. ఇంటికొచ్చాక గాని తోచలేదు, నా దగ్గర యంత్రమూ లేదు, సాక్షీ లేదు.

ఆ యంత్రం నాకు బాగా తెలుసు. పోలీసు యాక్షన్‌కు రెండేళ్ల ముందు అది ఎడ్లబండి మీద గడీకి వచ్చింది. పెద్ద చెక్క పీపా, మూత మీద పళ్ల చక్రం, పక్కన ఇనుప హ్యాండిల్. హ్యాండిల్ తిప్పితే లోపల కవ్వం లాంటి చెక్క ఒకటి అటూ ఇటూ తిరిగి బట్టల్ని కుమ్ముతుంది. పైన రెండు రబ్బరు రోలర్లు ఉంటాయి, తడిబట్టని వాటి మధ్య దూరిస్తే నీళ్లు పిండేస్తాయి. కరెంటు అక్కర్లేదు, మనిషి కావాలి. మా బాపు ఆ గడీలో గుమాస్తా. ఊళ్లో నాలుగు ఇంగ్లిషు ముక్కలు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, యంత్రంతో పాటు వచ్చిన కాగితాన్ని తెలుగు చేసి చదివే పని నా మీద పడింది. నా ఎదురుగా నిలబడి విన్నది చాకలి రాజవ్వ. వెట్టికి వచ్చే మనిషి. కూలి లేదు, వేళ లేదు; పిలిస్తే రావాలి, పొమ్మనేదాకా ఉండాలి. నేను చదివాను, ఆమె తిప్పింది. ఇరవై ఏళ్లుగా నా గొంతులో ముల్లు ఇదే. గడీని తిడుతూ ఎన్ని వ్యాసాలు రాసినా, ఆమెకు ఆ కొత్త గానుగ చూపించిన పంతులువి నువ్వే కదా అని లోపల ఏదో గుచ్చుతూనే ఉంటుంది. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. పాతరోజులు బంగారం అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయినా ఆ పీపా గడగడ చప్పుడు, తడిసిన చెక్క వాసన, గడీ పెరట్లో పొద్దుటి ఎండ తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లాగుతుంది. ఎవడి వాకిట్లో గడిచినా యవ్వనం యవ్వనమే.

గడీ సామాను అమ్మేసినప్పుడు ఆ పీపాను సుల్తానాబాద్‌లో నూలుకు రంగులేసే నర్సయ్య కొన్నాడని బాపు చెప్పగా విన్నాను. గురువారం పొద్దున ఆరింటి బస్సెక్కాను. కరీంనగర్ నుంచి సుల్తానాబాద్ గంట ప్రయాణం, టికెట్టు ముప్పావలా. చలికాలం వెళ్తే శాలువా మరవకండి, ఆ బస్సు కిటికీలకు అద్దాలుండవు. వరికోతలు అయిపోయి పొలాలు గడ్డం గీసిన ముఖాల్లా ఉన్నాయి. బస్టాండు వెనక సందులో ఎర్రనీళ్లు పారే కాలువ వెంట నడిస్తే నర్సయ్య ఇల్లు అదే వస్తుంది. పీపా వాకిట్లోనే ఉంది. లోపలంతా ఎర్రరంగు పట్టి ఉంది. చక్రానికి మూడు పళ్లు లేవు, రోలర్ల రబ్బరు ఎండిన రొట్టెలా రాలుతోంది. హ్యాండిల్‌ని గోడలో దిగ్గొట్టి దానికి నూలు చిలపలు వేలాడదీశాడు.

"పదిహేనేండ్ల సంది దీంట్లనే నూలు నానబెడుతున్న సార్. గడీ సొమ్ము గదా, గట్టిది" అన్నాడు నర్సయ్య.

"నాకు గావాలె నర్సయ్యా. మీటింగుల చూపెట్టాలె."

"మరి నా నూలు నీ మీటింగుల నానబెట్టుదునా? బదులు ఇంకో తొట్టి తెచ్చి పెట్టు, దీన్ని తీస్కపో."

బజారుకు పోయి పెద్ద రేకు తొట్టి కొనుక్కొచ్చి అతని వాకిట్లో పెట్టాను. దాన్ని అన్ని వైపులా వేలితో కొట్టి చూసి, అప్పుడు గోడలోంచి హ్యాండిల్ పీకి నా చేతిలో పెట్టాడు. పీపాను పెద్దపల్లి బస్సు టాపు మీద కట్టించాను. పెద్దపల్లి స్టేషన్‌లో కూలీ దాన్ని నెత్తికెత్తుకుంటూ, "కల్లు పీపానా సార్?" అన్నాడు.

"కాదయ్యా, బట్టలుతికే మిషన్."

"తాగొచ్చినోన్ని గుడ ఉతుకుతదా? ఉతికితే మా ఇంటిది ఇయ్యాల్నే కొంటది."

నేను బెల్లంపల్లికే ఎందుకు బయల్దేరానంటే, రాజవ్వ కొడుకు కొమురయ్య అక్కడి బొగ్గుబాయిలో ఫిట్టర్. తల్లి అతని దగ్గరే ఉంటోంది. చక్రానికి పళ్లు కట్టే చేయీ, సభలో చెప్పవలసిన నోరూ రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. పెద్దపల్లి నుంచి మూడో తరగతి టికెట్టు రెండు రూపాయల లోపే, పీపాను బ్రేకువ్యానులో వేయడానికి ఇంకో రూపాయిన్నర. పన్నెండున్నర ప్యాసింజరు ఒకటీ పదికి వచ్చింది. రామగుండం దాటాక గోదావరి వంతెన వస్తుంది, అవతల ఆదిలాబాద్ జిల్లా. నీళ్లు ఇసుక మధ్య పాయలుగా పారుతున్నాయి. మంచిర్యాలలో బండి చాలాసేపు ఆగుతుంది, చాయ్ అక్కడే తాగండి. బెల్లంపల్లిలో దిగేసరికి నాలుగు గంటల సైరన్ కూస్తోంది. పీపాను రిక్షాలో పెట్టుకుని కార్మికుల క్వార్టర్ల వరసలోకి పోయాను.

తలుపు తీసిన ముసలామె నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"గుమాస్త కొడుకువు గాదూ? చిన్న పంతులువి! జుట్టంత ఏడ పోయింది బిడ్డా?"

నేను జవాబు చెప్పేలోపే ఆమె చూపు రిక్షా మీద పడింది. మెల్లగా వెళ్లి పీపా మూత మీద చెయ్యి పెట్టింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. "దీని హ్యాండిలేది?" అంది. సంచీలోంచి తీసి ఇచ్చాను. చీర కొంగుతో తుడిచి లోపలికి తీసుకుపోయింది.

సభ సంగతి, దొర కొడుకు మాట సంగతి చెప్పాను. "నువ్వొచ్చి గడీల నిన్నెట్ల సతాయించిండ్లో, దీన్నెట్ల తిప్పిచ్చిండ్లో చెప్పాలె రాజవ్వా" అన్నాను.

"ముందుగాల దీన్ని బాగు చెయ్యుండ్రి. తర్వాత చెప్త."

అప్పుడే కొమురయ్య బాయి నుంచి వచ్చాడు. కళ్లు, పళ్లు తప్ప అంతా బొగ్గే. నన్నూ పీపానూ మార్చి మార్చి చూసి, "ఏంది సార్, మీటింగులల్ల మాట్లాడనీకి మనుషులు కరువైండ్రా, పీపను పట్కొచ్చిండ్రు?" అన్నాడు. తల్లి కసిరింది. అతను నవ్వుతూనే స్నానానికి పోయాడు. కానీ చెయ్యి తుడుచుకుని వచ్చి మొదట చూసింది ఆ చక్రాన్నే.

శుక్రవారమంతా పీపాకు నీళ్లు పోశాం. పోసినవి పోసినట్టు చెక్కల సందుల్లోంచి కారిపోయాయి. లక్క పూద్దామా, తారు పూద్దామా అని నేను పరేషాన్ అవుతుంటే రాజవ్వ, "ఏం పుయ్యకు. ఎండిన కట్టె, దూపగొన్నది. తాగినంత తాగి తనే మూసుకుంటది" అంది. సాయంత్రానికి నిజంగానే కారడం ఆగింది. కొమురయ్య రెండు సాయంత్రాలు కూర్చుని విరిగిన పళ్ల చోట ఇత్తడి పోసి, ఆకురాయితో రాకి, పన్నుకు పన్ను సరిచూశాడు. రోలర్లకు పాత సైకిల్ ట్యూబు బిగించి చుట్టాడు. ఆ పని చూస్తూ అరుగు మీద కూర్చోవడం నాకెంతో సుఖంగా ఉంది. నేను ఇరవై ఏళ్లుగా మాటల్తో విరగ్గొడుతూనే ఉన్నాను గాని, ఒక్క పన్ను అతికించిన పాపాన పోలేదు.

శనివారం నాలుగింటి సైరన్ తర్వాత మొదటి ఉతుకు. కొమురయ్య బాయి బట్టలు, వేణ్ణీళ్లు, సోడా వేశారు. నేను హ్యాండిల్ పట్టుకోబోతే రాజవ్వ నా చెయ్యి తోసేసింది. "నీకు రాదు పో." ఆమె తిప్పింది. అదే గడగడ. గొంతులో సన్నగా ఏదో నాట్ల పాట పాడుతూ తిప్పుతోంది. నేను గడీ పెరట్లో ఉన్నానో బెల్లంపల్లిలో ఉన్నానో తెలియలేదు. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగింది. బట్టలింకా నల్లగానే ఉన్నాయి.

"ఆపినవేంది?" అన్నాను.

రాజవ్వ తన మాటతీరు మార్చి, బడిపిల్లలా నిటారుగా నిలబడి అప్పజెప్పింది: "'ఇరవై నిమిషములు తిప్పవలెను. పిమ్మట ఆపవలెను.' నువ్వు చదివిందే గదా. గడీ గడియారం చూసి, పాట మూడుమాట్ల పాడితే ఇరవై నిమిషాలని లెక్క గుడ నువ్వే చెప్పినవ్."

"గిన్నేండ్లు గది యాదికున్నదా నీకు?"

"ఎట్ల మరుస్త? పుట్టి బుద్ధెరిగినంక గడీల నాకు ఆపుమని చెప్పింది గా కాగితమొక్కటే. రేవు కాడ ఎంత ఉతికినా ఇంకో మూట ఏసేటోళ్లు. సౌడు మట్టికి చేతులు పగిలి నెత్తురొచ్చినా అయిపోయిందనే మాట లేదు. మా కొమురయ్యకు సైరన్ ఉన్నది, కూసిందంటే పైకొస్తడు. నాకు గా కాగితమే సైరన్."

మర్నాడు సభ. "గట్లంటే దొర మంచి చేసిండన్నట్టే అయితది గదా రాజవ్వా! నేనేం చెప్పాలె వాళ్లకు?"

"నీకు సదువొచ్చింది గని తెలివి రాలే పంతులూ. దొరసాని ఆపనిచ్చింది నాకోసమా? మిషన్ ఖరాబైతదని. నేను ఖరాబైతనని ఎన్నడన్న అన్నదా?" అని కాస్త నవ్వింది. "గందుకే నేను ఇంకో మాట కలిపిన. ఆపినంక పాట ఇంకో మూడుమాట్ల పాడేంత సేపు మిషన్ సల్లారాలె, చెయ్యి పెట్టొద్దని కాగితంల ఉన్నదని చెప్పిన."

"కాగితంల గట్ల లేదు."

"లేదని నాకెర్క లేదా? దొరసాని నిన్ను పిలిచి అడిగింది. ఉన్నదన్నవు. మర్శినవా?"

మరిచిపోయాను. ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు. నిజం చెప్పాలంటే అది దయతో అన్న మాట అయ్యుండదు, మళ్లీ కాగితం తీసి చూడ్డానికి బద్ధకించి తలాడించి ఉంటాను. ఆ మాటే ఆమెతో అన్నాను.

"ఎట్లయితేంది," అంది రాజవ్వ, "నేనైతే కూసున్న. గడీల చాకలిది కూసున్నది గప్పుడే."

మళ్లీ ఇరవై నిమిషాలు తిప్పాక బట్టలు రోలర్లలోంచి బయటికొచ్చాయి. బొగ్గు పోయింది గాని, నర్సయ్య రంగు అంటి బనీను ఎర్రబారింది. కొమురయ్య దాన్ని విప్పి పట్టుకుని, "ఇగ యూనియనోళ్లు నన్ను చూసి మస్తు మురుస్తరు" అన్నాడు. ముగ్గురం కడుపుబ్బ నవ్వాం. ఆ నవ్వు ఆగాక రాజవ్వ తేల్చి చెప్పింది, మిషను ఎక్కడికీ రాదు, ఈ వరసలో ఆడవాళ్లందరి బట్టలూ దీంట్లోనే పడతాయని.

"మరి రేపు నేనేం చూపెట్టాలె?"

"తిప్పింది నేను. నన్ను చూపెట్టు."

ఆదివారం పొద్దున ఏడింటి ప్యాసింజరుకు ఆమెతో కలిసి బయల్దేరాను. పెద్దపల్లికి పదిన్నర, కరీంనగర్‌కు మధ్యాహ్నం ఒంటిగంట. నాలుగింటికి హాలు నిండింది. దొర కొడుకూ వచ్చాడు, మొదటి వరసలోనే కూర్చున్నాడు. "యంత్రమేదండీ?" అని నవ్వుతూ అడిగాడు. నేను ఐదు పేజీలు రాసుకొచ్చాను. విప్పేలోపే రాజవ్వ వేదిక మీద ముందుకొచ్చింది.

"చిన్నదొరా, బాగున్నవా? నీ లాగులు గుడ ఉతికిన నేను. మీ నాయన తెచ్చిన మిషన్ మంచిదే. అది ఇరవై నిమిషాలకు ఆగేది. మీరు ఆగలే."

అంతే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దొర కొడుకు తల దించుకోలేదు గాని నవ్వు మాత్రం పోయింది. నా ఐదు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాను. రాజవ్వ వెనక్కి వచ్చి వేదిక మీద కుర్చీలో కూర్చుంది. సభ అయిపోయింది, జనం లేచారు, దొర కొడుకు జీపు వెళ్లిపోయింది. "పోదమా?" అంటే, "జరసేపు కూసుంట" అంది.

ఇరవై ఏళ్లుగా నా తప్పు గురించి నాతో నేనే వాదించుకున్నాను. నేనే ముద్దాయిని, నేనే వకీలుని, తీర్పు కూడా నాదే. బాధపడ్డ మనిషి నూరు మైళ్ల లోపే బతికి ఉంటే ఒక్కసారి పోయి అడగాలని తోచలేదు. అడిగుంటే, నేను గానుగ అనుకున్నది ఆమెకు కూర్చునే చోటని ఎప్పుడో తెలిసేది. అలాగని గడీ మీద నా కోపం ఒక్క వీసం తగ్గలేదు. ఒక కాగితం ముక్క ఆపితే తప్ప ఆగని రోజులు అవి అని తెలిశాక ఇంకా పెరిగింది. ఆ గడగడ చప్పుడు మాత్రం ఇప్పుడు సిగ్గుపడకుండా తలచుకుంటున్నాను.

మీరు బెల్లంపల్లి వెళ్లేటట్టయితే ఒక్క సలహా. తిరుగు ప్రయాణంలో పొద్దున ఏడింటి ప్యాసింజరుకు జనమంతా స్టేషను గేటు ఎదుట ఆగే పెట్టెల మీద పడతారు. మీరు ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి ఆఖరి పెట్టె ఎక్కండి, కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. ఆ ఆదివారం మేం అలాగే ఎక్కాం. రాజవ్వ పెద్దపల్లి దాకా కూర్చునే వచ్చింది.