సార్ చెప్పే వాన కబురు

కోరుట్లలో మాకు కంప్యూటర్ నేర్పిన సార్ పోయారు. పొద్దున్నే వాళ్ల ఇంటావిడ ఫోన్ చేసి, "సార్ ఇగ లేడు బిడ్డా. జగిత్యాల దవాఖానలనే పాణం పోయింది" అన్నారు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. స్టవ్ కట్టేసి అక్కడే కూలబడ్డాను.

మాది సిరిసిల్ల. మగ్గాల చప్పుడులో పుట్టి, పెళ్లయ్యి కోరుట్ల వచ్చాను. బట్టల దుకాణం పైన ఉండేది సార్ క్లాసు. అందరూ వెబ్‌సైట్లు చేయడం నేర్పుతుంటే, ఆయన మొదటి రోజే కంప్యూటర్‌కు ఆదేశాలిచ్చే నల్ల కిటికీ తెరిచి ఒక్క లైను కొట్టించారు. ఎక్కడో ఉన్న వాతావరణ సర్వర్‌ను మా ఊరి వాన గురించి అడిగే లైను అది. బ్రాకెట్ల మధ్య అంకెలు కుప్పగా వచ్చి పడ్డాయి. అందులో వాన ఎక్కడుందో కళ్లతో వెతకమన్నారు.

"గిట్ల ఎవరన్న అడిగి తెలుసుకునెటందుకు తెరిచి పెట్టిందే ఏపీఐ. ముందుగాల చేత్తోని అడుగుడు నేర్వుండ్రి. ప్రోగ్రామ్ ఎన్కసిరి రాద్దురు."

ఆ సర్వర్ ఎవరికీ ఊరికే జవాబివ్వదు. ముందు మన పేరుతో నమోదు చేసుకుంటే ఒక పొడవాటి కీ ఇస్తుంది, అడిగినప్పుడల్లా అది చూపించాలి. చూపించకపోతే జవాబుకు బదులు 401 అనే తప్పు నంబరు వస్తుంది. "నువ్వెవలు అని అడుగుతున్నది, చెప్పు" అనేవారు సార్. అదే పనిగా అడిగితే 429. "ఎవలికైనా ఇసుగు రాదా? జర ఆగు." ఇక 500 వచ్చిందంటే నవ్వేవారు. "గిది ఆళ్ల తప్పు, నీది గాదు. పరేషాన్ గాకు, చాయ్ తాగి రాపో." ఇప్పుడు నేను చేసే ఉద్యోగంలో ఏది ఆగినా ముందు నా మీదే పడతారు. ఎన్నోసార్లు ఆ మాట తలుచుకునే లేచి ముఖం కడుక్కున్నాను.

పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజుల్లో సార్‌కు ఇంకో పని ఉండేది. ఇబ్రహీంపట్నం వైపు రైతులతో వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. రోజూ పొద్దున ఆ లైను కొట్టి, జవాబు చదివి, గొంతు రికార్డు చేసి పంపేవారు. కల్లంలో ఉన్న పసుపు ఒక్క వానకు తడిస్తే రంగు పోతుంది, ఏడాది కష్టం బూజు పడుతుంది. అందుకే ఆ కబురు వినందే చాలామంది కుప్ప మీది పరదా తీసేవారు కాదు.

"సార్, రోజూ మీరు కూర్చునుడెందుకు? ప్రోగ్రామ్‌ల టైం పెడితే కబురు దానంతటదే పోతది గదా" అని నేను ఒకసారి విసుక్కున్నాను.

"పోతది బిడ్డా. అది తప్పు చెప్తే ఎవలిని తిడుతరు? నన్ను తిట్టనీ" అన్నారు.

తిట్లు తిన్నారు కూడా. అయినా మానలేదు. చివరికి దవాఖాన మంచం మీద నుంచే ఫోన్లోనే ఆ లైను కొట్టి, దగ్గు ఆపుకుంటూ చెప్పారు.

దహనం అయిన మర్నాడు ఇంటావిడ మళ్లీ ఫోన్ చేశారు. "వాన సంగతేందని గ్రూపుల అడుగుతున్నరు బిడ్డా. నాకేం ఎరుక?" నిజం చెప్పాలంటే నాకు ఓపిక లేదు. ఇంకొక బరువు ఎత్తుకోవాలని అస్సలు లేదు. కానీ బయట మబ్బు కదులుతోంది, కల్లాల్లో పసుపు ఉంది. నా కీతో అడిగాను. రెండోసారి కూడా అడిగి చూసుకున్నాను. వాన లేదు. సార్ నన్నెప్పుడో చేర్చిన ఆ గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టాను.

సార్ పోయిన సంగతి ఎవరో అంతకుముందే రాసి పెట్టారు. పొలం దగ్గరే ఉండే ఒక ముసలమ్మకు చదవడం రాదు, గొంతులే వింటుంది. ఆమె జవాబు వచ్చింది.

"మంచిది బిడ్డా. సారు ఎప్పుడు చెప్తడు? సారు చెప్పినంక పరదా తీస్త."

ఆ మాట నోటితో చెప్పాల్సి వచ్చింది. "సార్ లేడమ్మా. నిన్న పోయిండు. ఇయ్యాల నేనే అడిగిన. వాన లేదు" అన్నాను.

ఆమె దగ్గర్నుంచి ఇంకో రికార్డింగ్ వచ్చింది. "అయ్యో సారూ" అని ఒక్క మాట. వెనకాలే పరదా లాగిన చప్పుడు, సగం ఆరిన పసుపు కొమ్ములు నేల మీద పరుచుకుంటున్న గలగల.