సింహాద్రి పూచీ

మా స్మృతి నగర్ అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర కాపలావాడు సింహాద్రి. పద్దెనిమిదేళ్ళకు టెక్కలి నుంచి భిలాయి వచ్చి, ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు కూలీగా నడుం విరగ్గొట్టుకుని, అరవై దాటాక ఈ కుర్చీలో కూలబడ్డాడు. ఇంట్లో మనవలు కూడా హిందీలోనే బదులిస్తారు. అందుకే ఎక్కడైనా తెలుగు వినబడితే చాలు, కరిగిపోయేవాడు.

లోపలికొచ్చే ప్రతివాళ్ళ డ్రైవింగ్ లైసెన్సూ స్కాన్ చెయ్యాలని నిరుడు మా కమిటీ తీర్మానించింది. బుద్ధిలేక నేనూ చెయ్యెత్తాను. ఫోటో, పేరు, ఇంటి అడ్రసు అన్నీ ట్యాబ్‌లో పడి ఉండేవి. ఎవరికీ చూపరాదని గోడకో కాగితం అంటించి చేతులు దులుపుకున్నాం.

మా అమ్మ కాలిపుండుకు కట్టు మార్చే నర్సు రజనీకుమారి, వచ్చిన మొదటిరోజే గేటు దగ్గర స్కూటీ ఆపేసింది.

"బాబాయ్, కార్డు చూసి ఒగ్గీండి, స్కాన్ వద్దు. మా ఆయన కొడతాడని పారిపోయి వొచ్చీసినాను. నా అడ్రసు తెలిస్తే బతకనివ్వడు."

"ఇందులో పడింది బయటికి పోదమ్మా. నాదీ పూచీ," అన్నాడు సింహాద్రి. ఆమె నమ్మి ఇచ్చింది. ఇక్కడికొచ్చాక మార్పించుకున్న సెక్టర్ 7 అడ్రసే ఉంది అందులో.

ఒక ఆదివారం ఒకడు అరటిపళ్ళు పట్టుకుని వచ్చాడు.

"మావా, తెలుగోళ్ళేనా? ఏ ఊరు?"

"టెక్కలి."

"మనూరే! మా సెల్లి రజని ఇక్కడికి నర్సు పనికొస్తాదట. అలిగి వొచ్చీసింది. అమ్మ మంచాన పడి దాని పేరే కలవరిస్తంది. ఎక్కడుంటాదో సెప్పు మావా, దండం పెడతాను."

సింహాద్రికి కళ్ళు చెమర్చాయి. టీ తెప్పించాడు. గంటసేపు ఊరి కబుర్లాడి, ట్యాబ్ వాడివైపు తిప్పాడు.

మర్నాడు రజని రాలేదు. ఏమైందో పేపర్లో నాలుగు లైన్లు చదివాం. ఆ దరిద్రుడు బెయిలు మీద బయటికి కూడా వచ్చేశాడు.

మూడు వారాలకు, ఊరు విడిచిపోయే ముందు మా అమ్మను చూసిపోదామని ఆటోలో దిగింది. చెంప మీద కుట్లు, ఎడమ చేతికి పిండికట్టు. ఆమెకోసం నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. సింహాద్రి గాభరాగా లేచాడు.

"కార్డేటీ వద్దు తల్లీ, లోపలికెళ్ళు."

రజని కుడిచేత్తో లైసెన్సు తీసి బల్ల మీద పెట్టింది. నాకు సిగ్గుతో తల వాలిపోయింది.

"తీసుకోండి బాబాయ్, ఇంక దాయడానికేటుంది? 'మీ టెక్కలి మావ టీ కూడా తాగించాడే' అని నవ్వుతానే ఇరిసీసినాడు ఈ సెయ్యి."