ఆరు దేశాల పళ్ళు

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో నా డెంటల్ క్లినిక్‌కు ఒక పక్క ఇండియన్ కిరాణా కొట్టు, ఇంకో పక్క పిల్లల లెక్కల ట్యూషన్ సెంటర్. వచ్చేవాళ్ళలో సగానికి పైగా మనవాళ్ళే. బుగ్గలో లవంగం నొక్కుకుని వస్తారు. ఎక్స్‌రే చూపించి రూట్ కెనాల్ అనగానే కుర్చీలో లేచి కూర్చుంటారు. "డిసెంబర్‌లో ఇండియా వెళ్తున్నామండీ, అక్కడ చేయించుకుంటా. అప్పటిదాకా నొప్పి తగ్గేలా ఏదైనా రాసివ్వండి" అంటారు. పన్ను డిసెంబర్ దాకా ఆగదని చెప్పి చెప్పి నాకు కోపిష్ఠి డాక్టరమ్మ అని పేరొచ్చింది. ఆ పేరులో అబద్ధమేమీ లేదు.

అలాంటి చోటికి ఒక మధ్యాహ్నం తలుపు కమ్మీకి తల తగులుతుందేమో అన్నంత పొడుగు స్వీడన్ మనిషి వచ్చాడు. పేరు చెప్పను. ఈ మాత్రం రాయడానికి అతని అనుమతి తీసుకున్నాను. మా ఊరికి దగ్గర్లోని ఐస్ హాకీ జట్టులో ఫార్వర్డ్, అంటే ముందుండి గోల్ కొట్టవలసినవాడు. ఆ జట్టు టీవీలో వచ్చే పెద్ద లీగ్‌లోది కాదు, దానికి రెండు మెట్లు కిందది. వయసు ముప్పయ్యారు. పై వరుసలో ముందు పన్ను లేదు. జేబులోంచి టిష్యూలో చుట్టిన పెట్టుడు పన్ను తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది విరిగింది డాక్టర్. శనివారం ఫ్యామిలీ ఫోటో ఉంది. అతికించగలరా?"

ముందు నోరు తెరవమన్నాను. పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాను కానీ అలాంటి నోరు చూడలేదు. ఒక్కో పని ఒక్కో చేతిది. వెనక దవడ పన్ను మీద మెరిసే లోహపు తొడుగు. దాని పక్కన చూడముచ్చటైన రూట్ కెనాల్. కింద ఎవరో హడావిడిగా పూడ్చి వదిలేసిన పన్ను. ఒక్కోదాన్నీ చిన్న అద్దంతో తట్టి ఎక్కడ చేయించారని అడిగాను. లోహపు తొడుగు కజకస్తాన్. రూట్ కెనాల్ జర్మనీ. హడావిడి పని ఫిన్లాండ్, బస్సు బయట ఆగి ఉందట. జ్ఞానదంతం పీకింది ఆస్ట్రియా. ముందు పన్ను ఊడింది సొంత దేశంలోనే, పదిహేడో ఏట, ప్రాక్టీసులో ప్రాణస్నేహితుడి కర్ర తగిలి. పెట్టుడు పన్ను అమెరికాది.

"ఇన్నేళ్ళూ ఇలా జేబులో పెట్టుకుని తిరిగే బదులు ఇంప్లాంట్ చేయించుకోవచ్చు కదా?" అన్నాను. దవడ ఎముకలోకి స్క్రూ దించి దాని మీద పన్ను బిగిస్తాం. సొంత పన్నులాగే ఉంటుంది.

"ఆడేవాళ్ళెవరూ చేయించుకోరు. మళ్ళీ దెబ్బ తగిలితే ఎముకతో సహా పోతుంది. ఎవరైనా ఇంప్లాంట్ పెట్టించుకున్నారంటే ఆట మానేసినట్టే. ఆట అయ్యాక చూద్దాం."

"ఓహో, మీరు కూడా డిసెంబర్‌లో ఇండియా వెళ్తున్నారన్నమాట" అన్నాను. అతనికి అర్థం కాలేదు. ముందు డెస్క్ చూసుకునే మా వరంగల్ అమ్మాయి మాత్రం కిసుక్కున నవ్వింది.

పన్ను అతికించినందుకు నాలుగు టికెట్లు ఇచ్చాడు. మా ఆయన్నీ పిల్లల్నీ తీసుకుని ఒక ఆటకు వెళ్ళాను. బయట టెక్సాస్ ఎండ, లోపల శాలువా కప్పుకున్నా పళ్ళు టకటకలాడాయి. మా ఆయన క్రికెట్ మనిషి, బంతికి బదులు వాళ్ళు కర్రలతో కొట్టే నల్లటి బిళ్ళ ఎటు పోతోందో చివరిదాకా కనిపెట్టలేకపోయాడు. నేను బిళ్ళను వదిలేసి నా పేషెంటునే చూశాను. ఆడింది తక్కువ, బెంచి మీద కూర్చుంది ఎక్కువ. నిమిషం కూడా కాని వంతు కోసం గోడ దూకి వెళ్తాడు, ఒళ్ళు హూనం చేసుకుని వస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు. ఒకసారి ఇద్దరు కలిసి అతన్ని అద్దాల గోడకేసి గుద్దారు. నా పక్కనున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. ఎవరో డాక్టరు చేసిన పని చెడగొడుతున్నారని కాదు, అతను నాకు అప్పటికే మనవాడైపోయాడు.

ఆ తర్వాత వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం చెప్పాడు. ఇరవై రెండో ఏట పెద్ద లీగ్‌లో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని ఆటలు ఆడాడట. తర్వాత కిందికి పంపారు. అప్పటినుంచి ఏడాదికో ఊరు, రెండేళ్ళకో దేశం. ఒక క్లబ్బు వాళ్ళు ఎయిర్‌పోర్టులో ఉండగా ఫోన్ చేసి ఇక రావద్దన్నారు. కజకస్తాన్‌లో ఎవరూ ఏమీ చెప్పలేదు, ప్రాక్టీసుకు వెళ్ళేసరికి లాకర్ మీద అతని పేరు తీసేసి ఉంది. ఇవన్నీ నవ్వుతూ చెప్పేవాడు. మత్తు ఇంజెక్షన్‌తో సగం పెదవి పడిపోయి ఉండేది కాబట్టి ఆ నవ్వు వంకరగా ఉండేది.

ఏప్రిల్‌లో సీజన్ అయిపోయింది. జట్టు అతన్ని మళ్ళీ తీసుకోలేదు. వారం తిరక్కుండా నా దగ్గరికి వచ్చి, "ఇక చాలు డాక్టర్. పెట్టేయండి" అన్నాడు. మే నెలలో స్క్రూ దించాను. ఎముక దాన్ని పట్టుకోవడానికి నాలుగు నెలలు పడుతుంది. అప్పటిదాకా మూతి మీద దోమ కూడా వాలకూడదని గట్టిగా చెప్పాను. బుద్ధిగా విన్నాడు. పిల్లలకు స్కేటింగ్ నేర్పే ఉద్యోగం ఒకటి చూసుకున్నాడు.

సెప్టెంబర్‌లో పన్ను బిగించే రోజుకు ముందురోజు, వరంగల్ అమ్మాయి నా గదిలోకి తొంగిచూసింది. "మేడమ్, ఆ హాకీ ఆయన భార్య ఫోన్ల ఉంది. మీతోనే మాట్లాడాల్నంట."

ఆవిడ మిన్నెసోటా మనిషి, స్కూల్లో నర్సు. గొంతు తగ్గించి మాట్లాడింది. ఆస్ట్రియాలో పాత క్లబ్బులో ఒక ఆటగాడి కాలు విరిగిందట. వచ్చి ఈ సీజన్ ఆడమని ఇతన్ని పిలిచారు. రేపు సాయంత్రంలోపు జవాబు చెప్పాలి. "మీరు ఎక్స్‌రే తీసి ఎముక కుదిరిందంటే పన్ను బిగించుకోకుండా వెళ్ళిపోతాడు. కుదరలేదంటే ఉండిపోతానన్నాడు. మీ మీదే పెట్టాడు డాక్టర్. తొమ్మిది ఇళ్ళు మారాం. పాప రెండో క్లాసుకే మూడు స్కూళ్ళు చూసింది. రాత్రి మోకాళ్ళకు ఐస్ కట్టుకోకపోతే నిద్రపట్టదు అతనికి. కుదరలేదని చెప్పండి. ఒక్క మాట."

పేషెంటు విషయం ఫోన్‌లో మాట్లాడకూడదని చెప్పి పెట్టేశాను. కానీ మనసులో అప్పటికే ఒప్పేసుకున్నాను. నేను పని నేర్చుకున్న గుంటూరు క్లినిక్‌లో పెద్ద డాక్టరుగారు పేషెంటును బయట కూర్చోబెట్టి అసలు సంగతి ఇంట్లోవాళ్ళకు చెప్పేవారు. పేషెంటుకు ఏం చెప్పాలో ఇంట్లోవాళ్ళే తేల్చేవారు. అది మోసమని మాలో ఎవరికీ తోచలేదు, ప్రేమ అనుకునేవాళ్ళం. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. ఒక్క అబద్ధంతో ఒక సంసారం నిలబడుతుంటే నాకేం అడ్డం?

మర్నాడు ఎక్స్‌రే తీశాను. ఎముక స్క్రూను గట్టిగా పట్టుకుంది, పుస్తకంలో వేసుకోదగ్గంత బాగా. తెర నావైపు తిరిగి ఉంది. అతను మెడకు నీలం కాగితం కట్టుకుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని నా ముఖం చూస్తున్నాడు. చెప్పవలసిన మాట నాలుక మీదే ఉంది. ఇంకో మూడు నెలలు ఆగాలి. అంతే.

అప్పుడు నాకు గుర్తొచ్చింది మా బంధువుల్లో ఒక అన్నయ్య. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో, "నీ బీడీఎస్ ఇక్కడ చెల్లదమ్మా, దాని జోలికి పోకు, పిల్లల్ని చూసుకో" అన్నాడు. నేను నమ్మాను. నాలుగేళ్ళు లంచ్ బాక్సులు కట్టుకుంటూ కూర్చున్నాను. మళ్ళీ చదివి లైసెన్సు తెచ్చుకునే దారి ఉందని అతనికి మొదటినుంచీ తెలుసు. ఇద్దరు పిల్లలతో కష్టపడిపోతానని జాలిపడి చెప్పలేదట. ఆ జాలి మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు.

తెర అతనివైపు తిప్పాను. "కుదిరింది. చాలా బాగా కుదిరింది. పన్ను బిగించకుండా వదిలేస్తే, నోటికి గార్డు పెట్టుకుని ఆడుకోవచ్చు."

సంతోషం కనిపిస్తుందని అతని ముఖం చూశాను. కనిపించలేదు.

"కుదరలేదంటారనుకున్నాను" అన్నాడు. "పంతొమ్మిదేళ్ళలో ఒక్క చోటినుంచి కూడా నా అంతట నేను బయటికి రాలేదు డాక్టర్. అన్ని చోట్లా వాళ్ళే పంపించారు. ఈసారి ఈ ఎముక నన్ను ఆటలోంచి పంపిస్తుందని ఆశపడ్డాను."

"ఎముక దాని పని చేసింది. ఇక మీరే చెప్పాలి" అన్నాను. మెత్తగా అనాలనుకున్నాను కానీ నా గొంతులో మెత్తదనం రాదు.

అతను ఫోన్ తీసి అక్కడే, ఆ కుర్చీలోనే, క్లబ్బులతో బేరాలు కుదిర్చే తన ఏజెంటుకు చేశాడు. స్వీడిష్‌లో మాట్లాడాడు. అవతలి మనిషి ఏదో గడగడా చెప్తూనే ఉన్నాడు. ఇతను "నెయ్" అన్నాడు. అవతలి మనిషి ఇంకా చెప్పాడు. ఇతను మళ్ళీ అదే మాట, ఈసారి నెమ్మదిగా అన్నాడు. కాదు అనే మాట ఏ భాషలోనైనా తెలిసిపోతుంది. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, వెనక్కి వాలి, నోరు తెరిచాడు.

పన్ను బిగించాను. మాస్కు పైన నా కళ్ళు తడిసిపోయాయి. అతనూ ఏడుస్తున్నాడు. కుర్చీలో వాలి ఉన్నాడు కాబట్టి నీళ్ళు చెవుల్లోకి పోతున్నాయి. వరంగల్ అమ్మాయి టిష్యూ డబ్బా తెచ్చిపెట్టి వెళ్ళింది.

లేచి కూర్చున్నాక అద్దం ఇచ్చాను. చూసుకోకుండా పక్కన పెట్టేశాడు.

"సాయంత్రం మా ఆవిడకు చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఇన్నేళ్ళూ ఇంటికెళ్ళి ఒకటే మాట చెప్పాను, నన్ను తీసేశారని."

"ఇక్కడ చెప్పి చూడండి" అన్నాను.

"నేను మానేశాను" అన్నాడు. నన్ను అడుగుతున్నట్టు వచ్చింది ఆ మాట. తల అడ్డంగా ఊపాను. మళ్ళీ అన్నాడు. ముందు గదిలో తర్వాతి పేషెంటు వచ్చి కూర్చుని ఉన్నా, అతను మూడోసారి ఆ మాట సరిగ్గా అనేదాకా నేను స్టూలు మీంచి లేవలేదు.