మార్తమ్మ గారి మొదటి ప్రశ్న

మొన్న మా పాపకు బడి గుర్తింపు కార్డు చేయించడానికి కంభంలో ఒక ఫోటో స్టూడియోకి వెళ్ళాను. మిషన్‌లోంచి కార్డు బయటికి రాగానే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన గుప్పున ముక్కుకు తగిలింది. స్టూడియో అబ్బాయి దాన్ని బల్ల మీదికి విసిరినట్లు పడేశాడు. నాకు చురుక్కుమంది. కార్డును అట్లా ఇవ్వకూడదని నాకు నేర్పిన మనిషి ఒకరుండేవారు. ఆమె వేడి కార్డును అంచు పట్టుకుని తీసి, రెండుసార్లు ఊది, ఎదుటి మనిషికి రెండు చేతులతో అందించేవారు. మా స్టోరులో ఇప్పుడు కార్డులే లేవు, అన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. అందుకే ఆ వాసన తగిలి చాలా రోజులైంది. మార్తమ్మ గారు పోయి కూడా రెండేళ్ళు దాటింది.

మార్కాపురం నుంచి కంభం వైపు వచ్చే రోడ్డులో, పలకల ఫ్యాక్టరీలు దాటాక, నీలం రేకుల పెద్ద షెడ్డు ఒకటి ఉంటుంది. అదే మా హోల్‌సేల్ స్టోరు. పప్పులు, నూనె, సబ్బులు, బిస్కెట్లు అన్నీ పెట్టెల లెక్కన, బస్తాల లెక్కన దొరుకుతాయి. అయితే అందరికీ కాదు. మెంబర్ కార్డు ఉంటేనే గేటు తెరుచుకుంటుంది. కార్డు కావాలంటే వ్యాపారం ఉండాలి, ఆ వ్యాపారానికి ఒక కాగితం ఉండాలి. దుకాణదారుకైతే జీఎస్టీ నంబరో, పంచాయతీ ఇచ్చిన లైసెన్సో; వండి అమ్మేవాళ్ళకు ఫుడ్ రిజిస్ట్రేషను; బడి, హాస్టలు, చర్చి లాంటివాటికి రిజిస్ట్రేషన్ పత్రం. యజమాని కాక ఇంకో ఇద్దరి పేర్లు కార్డులో చేర్చుకోవచ్చు గానీ, వాళ్ళు ఆ వ్యాపారంలో పనిచేసేవాళ్ళయి ఉండాలి. సొంతింటి ఖర్చుకు కొనుక్కునేవాళ్ళకు కార్డు లేదు. ఈ రూల్సన్నీ ఒక అట్ట మీద అంటించి నా బల్ల అద్దం కింద పెట్టి ఉండేవి. డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అదే, మెంబర్‌షిప్ బల్ల దగ్గర. ఆ బల్లకు పెద్ద మార్తమ్మ గారు.

యాభై దాటిన మనిషి, సన్నంగా, పొట్టిగా ఉండేవారు. నేత చీర, మెడలో కళ్ళద్దాల తాడు. చూస్తే సండే స్కూలు టీచరనుకుంటారు, ఆదివారం పూట నిజంగా టీచరే. నేను చేరిన మొదటి వారంలోనే పొదిలి వైపు నుంచి ఒక పెద్ద రైతు కారులో వచ్చాడు. ఇంట్లో పెళ్ళి, సరుకంతా ఇక్కడే తీసుకుంటానన్నాడు. కాగితం అడిగితే గొంతు పెంచాడు. "డబ్బిస్తామంటుంటే కాగితం ఏంది? నేనేమన్నా అప్పుకొచ్చినానా?"

నేను బిక్కచచ్చిపోయి చూస్తున్నాను. మార్తమ్మ గారు ఆయనకు కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చి, ఎదురుగా కూర్చున్నారు. "పెద్దాయనా, నీ దగ్గర డబ్బు లేదని ఎవరన్నారు? ఇది దుకాణాలోళ్ళ కోసం పెట్టిన కొట్టు. నీకిట్ల తలుపు తెరిస్తే, మీ ఊర్లో చిన్న దుకాణం పెట్టుకున్నాయన గతేంగాను? నువ్వు ఆయన దగ్గర కొనవు గదా ఇంక." ఆ తర్వాత పొదిలిలోనే మా మెంబరైన ఒక దుకాణదారు పేరు రాసిచ్చి, తనే ఫోన్ చేసి చెప్పారు. రైతు గొణుక్కుంటూనే వెళ్ళాడు గానీ కోపంగా మాత్రం వెళ్ళలేదు. ఆ రోజు నాకు అర్థమైంది ఒక్కటే, కాదని చెప్పడం నా పని అని. సగమే అర్థమైందని తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది.

కాదని చెప్పడంలో నేను తొందరగానే ఆరితేరాను. ముక్కు మీద కోపం పుట్టుకతోనే ఉంది, ఇప్పుడు చేతికి రూల్సు కూడా దొరికాయి. ఎవరొచ్చినా ముందు "కాగితం ఉందా?" అనేదాన్ని. లేదంటే అంతే, తర్వాతి మనిషిని పిలిచేదాన్ని. ఒకరోజు గిద్దలూరు నుంచి ఒకామె వచ్చింది, రైల్వే స్టేషను బయట బోండాల బండి పెట్టుకున్న ఆమె. కాగితం ఏమీ లేదంది. నిమిషంలో పంపించేశాను. పక్క గదిలోంచి మార్తమ్మ గారు విని, చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాకా పరుగెత్తి, ఆటో ఎక్కబోతున్న ఆమెను వెనక్కి తీసుకొచ్చారు.

"ఏం పని చేస్తావమ్మా?" అని మొదలుపెట్టారు. ఎక్కడ బండి పెడతావు, ఎన్నేళ్ళ నుంచి, పొద్దున ఎన్నింటికి నూనె కాగుతుంది, వానొస్తే ఏం చేస్తావు అని అడుగుతూ పోయారు. నాకైతే ఇదంతా కాలక్షేపంలా తోచింది. పావుగంటయ్యాక ఆ బోండాలామె, మున్సిపాలిటీ వాళ్ళు ఫోటో తీసి ఇచ్చిన వీధి వ్యాపారుల కార్డు ఒకటి ఉందనీ, అది లోనుకు మాత్రమే పనికొస్తుందనుకుని ట్రంకుపెట్టెలో దాచాననీ చెప్పింది. మా రూల్సులో అది చెల్లుతుంది. మరుసటి రోజు తెచ్చుకుని, సాయంత్రానికి కార్డుతో వెళ్ళింది.

"చూడు ప్రసన్నా," అన్నారు ఆమె వెళ్ళాక, "కాగితం ఉందా అంటే లేదంటారు. జనానికి వాళ్ళ దగ్గరుండే కాగితాల పేర్లు తెలియవు. చేసే పని మాత్రం తెలుస్తాది. పని అడిగితే కాగితం దానంతట అదే బయటికొస్తాది." నేను తలూపాను. తలూపడం వేరు, వినడం వేరు.

నేను అక్కడ చేరిన రెండో ఏడాది డిసెంబరులో జరిగిందే అసలు సంగతి. మా ఊరు కంభానికి దగ్గరే. కొత్త సంవత్సరం ఆరాధన అయిన వారానికి మా పేట నుంచి నలభై మంది లారీలో గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు, రెండు నెలలు అక్కడే చేల దగ్గర గుడారాలేసుకుని ఉంటారు. ఆ ముఠాకు మేస్త్రి ఏసమ్మ పెద్దమ్మ. మా అమ్మ సుగుణమ్మ కూడా ఏటా పోయేది. అక్కడ సరుకులు చేల దగ్గరున్న ఒకే ఒక్క దుకాణంలో కొనాలి, వాడు చెప్పిందే ధర. సంపాదనలో సగం వాడికే పోయేదని అమ్మ వచ్చినప్పుడల్లా చెప్పేది. మా స్టోరు నుంచే రెండు నెలల సరుకు లారీలో వేసుకుపోతే ఆ బాధ తప్పుతుంది. ఏసమ్మ పెద్దమ్మ నన్ను అడిగింది. "నువ్వుండేది అక్కడే గదా పాపా, ఒక కార్డు ఇప్పియ్యి."

ఆమెకు వ్యాపారం లేదు, కాగితం లేదు. నాకు ఒక ఉపాయం తోచింది. ఊర్లో మా యోహాను బావకు చిన్న కిరాణా దుకాణం ఉంది, మా కార్డు కూడా ఉంది. ఆ కార్డులో, దుకాణంలో పనిచేసే మనిషిగా ఏసమ్మ పెద్దమ్మ పేరు చేర్చేస్తే సరిపోతుంది. బావ ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. మా ఊళ్ళో ఎవరు టౌనుకు పోయినా వాడకట్టు అందరి సరుకుల చీటీలూ పట్టుకుపోవడం అలవాటు, కార్డు ఇవ్వడం కూడా అంతేననుకున్నాడు. నేను ఫారం నింపి, సంతకానికి పెట్టిన కాగితాల మధ్యలో దూర్చాను.

మార్తమ్మ గారు సంతకం చేసే ముందు ప్రతి దుకాణానికీ ఫోన్ చేస్తారని నాకు తెలుసు. బావకు ముందే చెప్పి పెట్టాలన్న తెలివి మాత్రం లేకపోయింది. ఆమె ఫోన్లో, "ఏసమ్మ మీ దగ్గర ఏం పని చేస్తాదయ్యా?" అని అడిగారు. బావ గొంతు బల్ల అవతలున్న నాకు కూడా వినపడింది. "మా దగ్గర పనేందమ్మా! ఆమె మేస్త్రి, నలభై మందిని యేలే మనిషి. సరుకులకని చేర్పిస్తుండాం, మా ప్రసన్న చెప్పింది గదా!"

నాకు తల తీసేసినట్లయింది. మార్తమ్మ గారు ఫోను పెట్టేసి, ఫారాన్ని నా వైపు జరిపారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. భయం కంటే ముందు కోపమే బయటికొచ్చింది.

"చర్చి హాస్టలుకు ఇస్తారు, బడులకు ఇస్తారు. ఎండలో కోసుకుని బతికేవాళ్ళకు లేదా మేడం? ఇదేం రూలు?"

"రూలు బాగలేదని చెప్పు, కూచోని వింటా. అబద్ధానికి మాత్రం నా సంతకం తీసుకోవాకు." ఆమె గొంతు పెరగలేదు. "ఏసమ్మను రేపు రమ్మను. ఆమెతో నేను మాట్లాడతా, నువ్వు పక్కకుండు. సొంతోళ్ళ ఫారం సొంతోళ్ళు నింపకూడదు."

మరుసటి రోజు ఏసమ్మ పెద్దమ్మకు తోడుగా అమ్మ కూడా వచ్చింది. లోపలికి రమ్మంటే, నాకేం పనిలే లోపల అని గేటు పక్క సిమెంటు బల్ల మీద కూర్చుంది. మార్తమ్మ గారు ఏసమ్మ పెద్దమ్మను అరగంట అడిగారు. కోత, కూలి, గుడారాలు, నీళ్ళు. ఎటు తిప్పినా అది కూలి పనే, సరుకు సొంత తిండికే. రూలుకు ఎక్కడా ఆనలేదు. చివరికి, "మీరందరూ కోతకు పోతే వంటెవరు చేస్తారు?" అన్నారు.

"బయట కూచున్న సుగుణే గదమ్మా. మోకాళ్ళు పట్టేసినంక కోయలేదు. ఒండి పెడతాది. కోసినోళ్ళతో సమానంగా కూలిలో ఆమెకూ ఒక పాలు ఇస్తాం, అందరం తలా ఇంత. మా ముఠాలో ముందు నుంచీ అట్లనే."

మార్తమ్మ గారు లేచి బయటికి వెళ్ళి ఆ సిమెంటు బల్ల మీద అమ్మ పక్కనే కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఏం పని చేస్తావమ్మా?"

"నేనేం చేస్తానమ్మా, ఏం లేదు. కోతకు పోలేక ఒండతా కూచుంటా."

"ఎంతమందికి?"

"నలభై. పిల్లకాయలు వస్తే నలభై అయిదు."

"ఎన్ని పూటలు?"

"మూడు. తెల్లారుజామున సంగటి, మధ్యాన్నం చేనుకు మోపిస్తా, రాత్రికి అన్నం పప్పు."

"నలభై మందికి మూడు పూటలు ఒండి, వాళ్ళ దగ్గర పాలు తీసుకుంటా, ఏం లేదంటావేందమ్మా? టౌన్లో దీన్ని మెస్సు అంటారు. బోర్డు కట్టుకోని కూచుంటారు."

అమ్మ నవ్వింది, ఎగతాళి చేస్తున్నారనుకుని. తర్వాత మార్తమ్మ గారి ముఖం చూసి నవ్వు ఆపింది. కొంగు సర్దుకుని, "మెస్సంటావా?" అంది నెమ్మదిగా. నాకు ఏడుపు ఆగలేదు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు రాసిన ఫారంలో, తల్లి వృత్తి అన్నచోట 'ఏమీ లేదు' అని నా చేత్తోనే రాశాను. ఆ ఫారం మార్తమ్మ గారి బీరువాలోనే ఉంది. ఆమె చూసే ఉంటారు. ఆ మాట మాత్రం ఒక్కనాడూ ఎత్తలేదు.

చిన్న వంట వ్యాపారాలకిచ్చే ఫుడ్ రిజిస్ట్రేషనుకు ఆ సాయంత్రమే అమ్మ పేరుతో దరఖాస్తు పెట్టించారు. లారీ కదలడానికి ఇంక పన్నెండు రోజులుంది. రోజూ నెట్ సెంటరుకు వెళ్ళి చూసేదాన్ని. రాలేదు. లారీ రేపనగా మార్తమ్మ గారి దగ్గరికి వెళ్ళి, "దరఖాస్తు నంబరుంది కదా మేడం, ఈ ఒక్కసారికి ఇవ్వండి. కాగితం ఎట్లాగూ వస్తుంది," అని బతిమాలాను.

"వచ్చినంక ఇస్తా పాపా."

"పోయేది మీ అమ్మ కాదు కాబట్టి అంటున్నారు." అనకూడని మాట అనేశాను. ఆమె ముఖం ఒక్కసారి వాడిపోయింది.

"ఇట్లా ఒట్టి దరఖాస్తు నంబరుతోనే ఎంతమంది వచ్చి కూచుంటారో నీకు తెలుసు. అందరినీ వెనక్కి పంపిస్తివి, నువ్వే. నీకొకటి వాళ్ళకొకటి చెయ్యలేను," అన్నారు. "కోప్పడు, తప్పులేదు. కోపం తగ్గినంక మాత్రం ఆలోచించు, ఈ ఆలస్యం యాడ మొదలైందో."

లారీ సరుకు లేకుండానే కదిలింది. అమ్మ వెనక చెక్క పట్టుకుని, గిన్నెల మధ్య కూర్చుని చెయ్యి ఊపింది. ఆ రెండు నెలలూ అక్కడి దుకాణంలోనే కొన్నారు. నేను మార్తమ్మ గారితో పనికి మించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కాగితం లారీ పోయిన మూడో వారంలో వచ్చింది. ఆ రోజే ఆమె కార్డు చేయించి, కవరులో పెట్టి సొరుగులో ఉంచారు. మార్చిలో అమ్మ తిరిగొచ్చాక పిలిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులతో ఇచ్చారు. అమ్మకు చదువు రాదు. ఏం రాసుందని అడిగింది. యజమాని, సుగుణమ్మ అని మార్తమ్మ గారు చదివి వినిపించారు.

"యజమానంటే నేనేనా?"

"నువ్వే. తోడు ఏసమ్మ పేరు రాసినాం, నీ కింద పనిచేస్తాదని." ఏసమ్మ పెద్దమ్మ పగలబడి నవ్వింది. నిజమే మరి, సరుకు తెచ్చి పెట్టేది ఆమే. మరుసటి ఏటి నుంచి లారీలో సగం మా స్టోరు బస్తాలే ఉండేవి.

మార్తమ్మ గారు రిటైరయ్యాక ఆ కుర్చీ నాకు ఇచ్చారు. జబ్బు పడ్డప్పుడు చూడ్డానికి వెళితే, మంచం మీద నుంచే, ఎవరెవరొస్తున్నారు, ఏం పనులు చేస్తున్నారని అడిగారు. లారీకి ముందు రోజు నేనన్న మాటకు అప్పుడన్నా క్షమించమని అడుగుదామనుకున్నాను. నోరు రాలేదు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుని వచ్చేశాను.

ఇప్పుడు నా ముందుకు ఎవరొచ్చినా ముందు చేసే పని అడుగుతాను. మంచితనం వల్ల కాదు, భయం వల్ల. లారీ పోయిన రాత్రి నుంచీ ఆలస్యం ఎక్కడ మొదలైందన్న ఆమె ప్రశ్నను నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఆలస్యం రిజిస్ట్రేషను ఆఫీసులో జరగలేదు, ఆ పన్నెండు రోజుల్లోనూ జరగలేదు. రెండేళ్ళు ఆ రూల్సు నా బల్ల అద్దం కిందే ఉన్నాయి, రోజుకు పదిసార్లు పైకి చదివేదాన్ని. ఆ రెండేళ్ళూ మా అమ్మ నలభై మందికి వండుతూనే ఉంది. ఏం పని చేస్తావమ్మా అని నేను ఇంట్లో ఒక్కసారి కూడా అడగలేదు.