మావయ్య జేబులో జీడిపిక్క

నర్సీపట్నం వీధుల్లో జీడిపిక్కలు కాల్చే పొగ తగిలితే చాలు, ఇప్పటికీ నా నాలుక విరిగిన పన్ను మీదకే పోతుంది.

మావయ్య యుద్ధానికి వెళ్తున్నప్పుడు అమ్మమ్మ ప్రార్థన చేసి, ఒక పచ్చి జీడిపిక్క ఆయన జేబులో వేసింది. "తిరిగొచ్చి నువ్వే కాల్సుకు తిను నాయినా" అంది. యుద్ధమంతా అది దువ్వెనతో పాటు ఆ జేబులోనే ఉంది.

ఆయన ఇంటికొచ్చిన రోజే, కొక్కేనికి తగిలించిన చొక్కాలోంచి దాన్ని కాజేసి పొయ్యిలో పడేశాను. తొమ్మిదేళ్లదాన్ని, నాకు తెలిసింది పప్పు రుచి ఒక్కటే; కాలే పిక్క మండే జీడినూనె చిమ్ముతుందని తెలీదు. పిక్క ఠప్పుమని పేలింది. మావయ్య ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో, నా మెడ పట్టుకుని నేలకేసి కొట్టి, మీద పడి నోరు నొక్కేశాడు. పన్ను విరిగి నోరంతా రక్తం.

"ఒక్క పిక్క కోసం పిల్లని సంపేత్తావేట్రా!" అంటూ అమ్మమ్మ కట్టెపుల్లతో బాదుతున్నా ఆయన లేవలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయనతో మాట్లాడలేదు నేను.

మొన్న ఆసుపత్రిలో ఆయన వీపు తుడుస్తుంటే నాలుగైదు పాత కాలిన మచ్చలు కనిపించాయి.

"ఇయ్యేటి మావయ్యా?"

"నువ్వు కాల్సిన పిక్కేనే" అన్నాడు.

నా ఒంటి మీద అలాంటి మచ్చ ఒక్కటీ లేదు.